ఆడని మ్యాచ్‌కు ఫ్లెక్సీ

ఆ రోజు ఇబ్రహీంపట్నం బస్టాండులో బెంచీ అంతా ఒకమ్మాయి టెన్నిస్ రాకెట్ల సంచే ఆక్రమించింది. హయత్‌నగర్ బస్సు ఎంతకీ రాక అప్పటికే విసిగిపోయి ఉన్నాను. "జర తియ్యమ్మా" అని కసిరాను. ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుని, ముఖానికి చున్నీ ఇంకా బిగించుకుంది. చూపు మాత్రం ఎదురుగా స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీదే ఉంది. ఒక మూల తాడు ఊడి గాలికి టపటపా కొట్టుకుంటోంది. "అంతర్జాతీయ టెన్నిస్‌లో గెలిచిన మా బిడ్డకు అభినందనలు" అని రాసి ఉంది. ఫొటోలోనూ అవే కళ్లు.

"నువ్వేనా? మస్తు సంతోషం" అన్నాను.

"ఏం సంతోషం అక్కా! ఎన్ని టోర్నీలు తిరిగినా మొదటి రౌండే దాటలే. ఈసారి నాతోని ఆడాల్సిన పిల్ల జ్వరమొచ్చి కోర్టుకే రాలే. నన్ను పై రౌండుకు పంపిన్రు. గది గెలుపుల లెక్కకు సుత రాదు. తెల్లారి మ్యాచ్‌ల మస్తు కొట్లాడి ఓడిపోయిన. గంత మంచిగ ఎన్నడు ఆడలే. దాని గురించి ఒక్కలు అడగరు."

నాకూ ఒళ్లు మండింది. "మరి గిది తీసెయ్యమని చెప్పరాదా?"

"ఎట్ల చెప్పాలె? కట్టించింది మా బాపు. యాచారం నుంచి కూరగాయలు తెచ్చినప్పుడల్లా దీని కింద ఆటో ఆపి అందరికి చూపిస్తడు."

బస్సొచ్చింది. తోసుకుంటూ ఎక్కి, ఆమెకని పక్క సీట్లో కర్చీఫ్ వేసి, కిటికీలోంచి చూశాను. ఆమె ఇంకా స్తంభం దగ్గరే ఉంది. ఊడిన తాడును లాగి, గట్టిగా ముడివేస్తోంది.