ఆత్మ కాదు, నిద్ర

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజుల్లో లెక్కల మాస్టారుగా పీటర్‌మారిట్జ్‌బర్గ్ వెళ్లాను. నార్త్‌డేల్‌ పేటలో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకు దిగాను. ఆమె పూర్వీకులు చెరుకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్లు. ఇంట్లో అంతా ఇంగ్లీషే. తెలుగు మిగిలింది వరసలకీ తిట్లకీ. నేను ఆమెను పెద్దమ్మా అనేవాణ్ణి.

ఒక రోజు ఆమె వద్దంటున్నా వినకుండా అవకాడో కాయలు కోయడానికి నిచ్చెనెక్కాను. నిచ్చెన ఏ కోణంలో వాలిస్తే జారదో పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే. జారింది. తల గచ్చుకు తగిలింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక దెబ్బ మానింది గానీ నిద్ర తలకిందులైంది. రాత్రంతా మెలకువ, పగలు కూర్చున్నచోటే కునుకు. త్రికోణమితి చెబుతూ బోర్డుకు ఆనుకుని నిద్రపోయానట. లేచేసరికి సూత్రం నా చొక్కా మీద తిరగబడి అచ్చయింది. పిల్లలు అంత నిశ్శబ్దంగా నా పాఠం ఎన్నడూ వినలేదు.

పెద్దమ్మ పెంతెకొస్తు విశ్వాసి. ప్రార్థన చేయిస్తానని చర్చికి తీసుకెళ్లింది. పాస్టరుగారు నా తలమీద చెయ్యి పెట్టారు. చెయ్యి వెచ్చగా ఉంది. నిలబడ్డవాణ్ణి అలాగే ఒరిగిపోయాను. నా మీదికి పరిశుద్ధాత్మ దిగిందని జనం చప్పట్లు కొట్టారు. అంతలో నా గురక మైకులో పడింది.

“ఏయ్ సచ్చినోడా, లెగు! దిస్ ఈజ్ చర్చ్!” అని పెద్దమ్మ రెక్క పట్టి గుంజింది.

అందరికంటే ముందు నవ్వింది పాస్టరుగారే. “బ్రదర్, ప్రార్థన మేం చేస్తాం. నువ్వు మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లు” అన్నారు ఇంగ్లీషులో.

పగలేదో రాత్రేదో ఒంటికి చెప్పే గడియారం లాంటిది మెదడులో ఉంటుందనీ, దెబ్బకు అది గతి తప్పిందనీ డాక్టరమ్మ చెప్పింది. “బద్ధకం కాదు” అన్న మాట పెద్దమ్మ వినేలా ఆవిడ చేత రెండుసార్లు అనిపించాను. రోజూ ఒకే వేళకు లేవాలి, పొద్దుటి ఎండలో నడవాలి. అదీ మందు.

ఆ పని పెద్దమ్మ పట్టుకుంది. “లెగరా అబ్బాయ్! ఎండ ఒచ్చీసింది, యూ స్టిల్ పడుకొని!” అంటూ గరిటెతో తలుపు బాదేది. రైస్‌థార్ప్ కొట్ల దాకా దూడను తోలినట్టు తోలుకెళ్లేది. కొట్లవాళ్లు గుడ్‌మార్నింగ్ అంటే ఆవలింతతో జవాబిచ్చేవాణ్ణి.

చలికాలం దాటేసరికి రాత్రి నిద్ర చాలావరకు రాత్రికి చేరింది. మధ్యాహ్నం కునుకు మాత్రం వదల్లేదు. అదీ దెబ్బ వల్లేనా అని అడిగాను. డాక్టరమ్మ నా పొట్టకేసి చూసి, అన్నం కాస్త తగ్గించమంది.