మోహన రాగంలో కౌబాయ్

ఆ రోజుల్లో అసూయపడటానికి కూడా ఇంత సదుపాయం ఉండేది కాదు. ఇప్పుడైతే ఎవరిని చూసైనా సోఫాలోంచి లేవకుండా ఫోన్‌లోనే కుళ్లుకోవచ్చు. ఎనభైల మొదట్లో, అమెరికాలోని పార్సిప్పనీలో, నేను కుళ్లుకోవాలంటే కారు అద్దం మీద మంచు గీక్కుని రికార్డుల షాపుకి వెళ్లాల్సి వచ్చేది.

దానికి కారణం నా రూమ్మేటు. వాణ్ని అందరం గిటార్‌గాడు అనేవాళ్లం. వాడికి వచ్చిన పాట ఒక్కటే. పశువుల మందని తోలుకుపోయే కౌబాయ్ తన గుర్రంతో గోడు చెప్పుకునే పాత పాట. నెలనెలా ఒక తెలుగు డాక్టరుగారి ఇంటి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్లం కలిసినప్పుడు, భోజనాలు చివరికి రాగానే కళ్లు మూసుకుని అది అందుకునేవాడు. డాక్టరుగారి మరదలు (ఫార్మసీ చదవడానికి వచ్చింది, నేను చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది ఆ పిల్ల కోసమే) పెరుగన్నం ప్లేటు చేతిలో ఉన్న సంగతే మర్చిపోయి వినేది. నాకు ఒళ్లు మండిపోయేది. పెరుగన్నం తిను తల్లీ, చల్లారిపోతుందని అరవాలనిపించేది. (పెరుగన్నం చల్లారడమేమిటని ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచలేదు.)

ఆ పాట ఇంకెంతమంది పాడారో కనుక్కుంటే వాడి గొప్ప ఏపాటిదో తేలిపోతుందని షాపు మీద పడ్డాను. పాడని వాడు పాపాత్ముడన్నట్టుంది అక్కడి వరస! ఒకాయన ముక్కు చీదుతూ పాడాడు. జుట్టు పెంచిన కుర్రాళ్లు గుర్రానికి నిప్పంటుకున్నట్టు పాడారు. ఒక చర్చి బృందం జోలపాట చేసింది, ఇంకొకడు జర్మన్‌లోకి దించాడు. దొరికినవన్నీ కొని వింటూంటే దొంగ దొరికాడు. ఒక పాత రికార్డులో గాయకుడు ఎక్కడ ఊపిరి పీల్చాడో మావాడూ సరిగ్గా అక్కడే పీలుస్తున్నాడు.

"ఒరేయ్, నీది పచ్చి కాపీరా!" అన్నాను ఆనందం పట్టలేక.

"ఎవడిది కాదురా? నువ్వూ పాడు, ఎవరొద్దన్నారు?" అన్నాడు గిటార్ తుడుచుకుంటూ.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చిన్నప్పుడు మా అక్క సంగీతం పాఠాలు తలుపు చాటునుంచి విన్న జ్ఞానంతో ఆ పాటని తెలుగు చేసి మోహన రాగంలో కూర్చాను. కౌబాయ్‌కి తెలుగేమిటని చాలా ఆలోచించి 'గోపబాలుడు' అని పెట్టాను. తర్వాతి నెల గొంతు సవరించుకుని, ఆ పిల్లకి ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను.

రెండో చరణానికే డాక్టరుగారి అత్తగారు (ఇండియా నుంచి కూతుళ్లని చూడటానికొచ్చారు) తాళం అందుకున్నారు. "గుర్రమెందుకొచ్చింది బాబూ?" అని మధ్యలో ఒక్క సందేహం వెలిబుచ్చారు. "కల్కి అవతారం అయ్యుంటుందండీ," అన్నారు డాక్టరుగారు. అంతే, బేస్‌మెంటంతా భజన. ఎవరో హారతి కూడా వెలిగించారు. పొగకి అలారం మోగింది గానీ పాట ఆగలేదు.

ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. కళ్లలో నీళ్లు. నా గుండె ఆగినంత పనైంది. రెండు చేతులూ జోడించి, "ఎంత భక్తండీ మీకు! మాకు అన్నదమ్ములు లేరు. ఇవాళ్టినుంచి మీరే నాకు అన్నయ్య," అంది. వెనకాల గిటార్‌గాడు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మరుసటి వేసవిలో వాళ్లిద్దరి పెళ్లయింది. లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పొయ్యాల్సింది అన్న కదా, నేనే పోశాను. పేలాలు దొరక్క, పొద్దున పాలల్లో వేసుకు తినే సీరియల్ డబ్బా విప్పించారు పంతులుగారు. హోమం పొగలోంచి వాడు నావైపు వంగి, "థాంక్స్ బావగారూ," అన్నాడు.

నిన్న కిరాణా షాపు రేడియోలో ఆ పాటే వచ్చింది, ఎవడో కొత్త కుర్రాడు పాడాడు. కందిపప్పు సంచీ పట్టుకుని ఆసాంతం విన్నాను. ఇంటికొచ్చి బావగారికి ఫోన్ చేసి, "వీడికంటే నువ్వే నయంరా," అన్నాను. అటువైపు మా చెల్లెలు ఫోన్ అందుకుని, "ఏమన్నావన్నయ్యా? ఈయన ఏడుస్తున్నారు," అంది.