రేకా, కర్రా?

సులుఫు టాక్సీలో నాకు ముందు సీటే ఇష్టం. కాకపోతే కాళ్ల మధ్య పెట్రోలు సీసా పెట్టుకోవాలి. మామూలు నీళ్ల సీసాయే. మూతకు బెజ్జం, అందులోంచి ఇంజనుకు గొట్టం. మడగాస్కర్ రాజధాని అంటాననరివోలో పాత రెనో టాక్సీలు అలాగే నడుస్తాయి. మనిషి ఎక్కాక, దూరం చూసి, అంతకు సరిపడా పోయించుకుంటారు. పల్లం రాగానే ఇంజను ఆపేస్తారు. ఓడల్లో తిరిగాను, ఒంటెల మీద తిరిగాను. ఇంత నిశ్శబ్దంగా కొండ దిగే బండి మరెక్కడా ఎక్కలేదు.

సులుఫుకు అరవై దగ్గర పడుతోంది. మనిషి మంచివాడే, కానీ ఇసురక కొండమీది టాక్సీ స్టాండులో అతనికి కోతలరాయుడని పేరు. కారణం ఒక కారు. తన చిన్నప్పుడు ఒక వెనిల్లా వ్యాపారికి ఫాసెల్ వేగా అనే ఖరీదైన ముదురాకుపచ్చ ఫ్రెంచి కారు ఉండేదనీ, తను అందులో కూర్చున్నాననీ, స్టీరింగు వెనక పలక నిగనిగలాడే కర్రలా కనిపించినా అది రేకు మీద వేసిన రంగేననీ చెబుతాడు.

"అంత డబ్బున్నోడికి కర్ర దొరక్క రేకుకి రంగేయించుకున్నాడా?" అంటాడు స్టాండులో పెద్దవాడు రఫాలి. చివరికి సులుఫు వాన పడుతోందని చెప్పినా, "రేకు వానా, కర్ర వానా?" అని అడగడం అందరికీ అలవాటైపోయింది.

మొన్న సులుఫు నన్ను కింద బజారుకు తీసుకెళుతున్నాడు. ఇంజను ఆపే ఉంది. నేనేదో ఓడరేవు కబురు చెబుతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"పెద్దాయనా, నాకు కనపడేదే నీకూ కనపడుతోందా?"

పొడుగాటి ముదురాకుపచ్చ కారు, దీపాలు ఒకదానిమీదొకటి. పక్క వీధిలోంచి వచ్చి ఇసురక ఎత్తు వైపు తిరిగింది. సులుఫు తాళం తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. దారంతా పల్లమే కదా అని చుక్క కూడా అదనంగా పోయించలేదు.

"ఇది పోయిందంటే చచ్చేదాకా నేను కోతలరాయుణ్ణే. దిగి తొయ్యి."

"నా వయసెంతో తెలుసా నీకు?"

"తోస్తూ చెబుదువుగాని."

తోశాం. అదృష్టం, ఎత్తు మొదట్లోనే ఆ కారు ఆగింది. నడిపే ఆవిడ, వ్యాపారి మనవరాలు హిరానా, అరటిఆకులో ఉడికిన వేరుశనగ కోబా కొనుక్కుంటోంది. చెమటలు కక్కుతున్న మమ్మల్ని చూసి జాలిపడింది.

"పెట్రోలు అయిపోయిందా బాబాయ్? నా కార్లోంచి కాస్త తీసిస్తాను."

"పెట్రోలొద్దమ్మా. తాడుంది. పైన స్టాండుదాకా లాగి పుణ్యం కట్టుకో."

ఎందుకో చెప్పాడు. ఆవిడ కోబా నములుతూ అంతా విని, "రేకని ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు తాతయ్య," అని నవ్వి, తాడు కట్టనిచ్చింది.

మేం వెళ్లేసరికి స్టాండులో డామినోల ఆట ఆగిపోయింది. సులుఫు పెళ్లికొడుకులా దిగి, హిరానాను అడిగి, ఆకుపచ్చ కారు తలుపు తెరిచాడు. రఫాలి వంగి, వేలి కణుపుతో పలకను కొట్టాడు. టంగుమంది. మళ్లీ కొట్టాడు.

"రేకే," అన్నాడు. ఆ వెంటనే అనుమానమొచ్చింది. "అయితే టాక్సీలో మొసలిని ఎక్కించుకున్నానన్నావు, అదీ నిజమేనా?"

సులుఫుకు ఆ పూట అబద్ధమాడాలనిపించినట్టు లేదు.

"పిల్ల మొసలిలే," అన్నాడు.