శాలువా కప్పేసరికి రైలు వెళ్లిపోయింది

నేను పాఠాలు చెప్పే బందరు కాలేజీలో ఈ రోజు మా విద్యార్థిని నాగలక్ష్మికి వీడ్కోలు సభ పెట్టారు. పాలకాయతిప్ప దగ్గర చేపలు పట్టే వాళ్ల అమ్మాయి. అన్నయ్య కొడుక్కి మాటలెలా వస్తున్నాయో రెండేళ్లు రాసుకుంది. పిల్లలు భాష నేర్చుకునే తీరు మీద హైదరాబాద్‌లో జరిగే సదస్సుకి, దాని మీద ఆమె రాసిన పేపర్ ఎంపికైంది. చదవాల్సింది రేపు పొద్దున్నే.

స్టేజీ వెనక ఫ్లెక్సీలో తొమ్మిది మంది పెద్దల ఫొటోలున్నాయి, ఆమెది లేదు. పేపర్లో ఏముందని ఒక్కరూ అడగలేదు. నాలుగో వక్త తన చిన్నతనం మొదలుపెట్టగానే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను.

"సార్, అమ్మాయికి రైలు టైమవుతోందండీ."

"ఐదు నిమిషాలు మేడమ్. కరస్పాండెంట్ గారు శాలువా కప్పకుండా పంపించేస్తే, మనం ప్రోత్సహించినట్టు ఎలా తెలుస్తుందండీ?"

శాలువా కప్పేసరికి రైలు వెళ్లిపోయింది. సీటు దొరక్కపోతే విజయవాడ బస్సులో నిలబెట్టి పంపించి, ఇప్పుడే ఇంటికొచ్చాను.

రెండేళ్ల పిల్లాడు మాట్లాడటం ఎలా నేర్చుకుంటాడో నాగలక్ష్మి చెప్పగలదు. అరవై దాటిన పెద్దమనుషులు మాట్లాడటం ఆపడం ఎలా నేర్చుకుంటారో మీలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి.