నవాబును లారీ ఎక్కించింది నేనే

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో పెళ్లి ముహూర్తం పంతులు పెట్టేవాడు... మా కాక గుర్రం మీద బరాత్ ఊరేగాలంటే మాత్రం టైము బొగ్గు గని సైరన్ చూసి పెట్టుకోవాల్సిందే!

నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మా కాక, అంటే మా బాపు తమ్ముడు, పెళ్లిళ్లకు గుర్రం తిప్పేవాడు. దాని పేరు నవాబు. ఇంట్లో ఎవరం ‘అది’ అనలేదు, ‘వాడు’ అనే అనేవాళ్లం. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్ల మచ్చ, సన్నటి పొడుగు కాళ్లు... వాడు అసలు సిసలు పందెం గుర్రం. హైదరాబాద్ రేసుల్లో వరుసగా రెండేళ్లు పెద్ద కప్పు గెలిచినవాడు. కాక పెట్టెలో ఫోటో కూడా ఉండేది. వాడి మెడలో ఇంత లావు పూలదండ, పక్కన సూటు వేసుకున్న యజమాని.

తర్వాత ముందుకాలి నరం వాచిందట. అంతే... ఆ సూటు పెద్దమనిషి మళ్లీ వాడి మొహం చూడలేదు. చేతులు మారి మారి చివరికి మా రేకుల కొట్టంలోకి వచ్చాడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా మా అవ్వ ఒకటే మాట అనేది. “గెలిసినన్నొద్దులు దండలేస్తరు... కుంటినంక దండం వెడ్తరు.”

ఇక సైరన్ సంగతి. షిఫ్టు సైరన్ మోగిందంటే చాలు, పందెం మొదలైందనుకునేవాడో ఏమో, చెవులు నిక్కబొడుచుకుని ఒకటే దౌడు! వచ్చిన వారంలోనే మా దడి రెండుసార్లు విరగ్గొట్టాడు. ఎవరు పట్టినా ఆగేవాడు కాదు. నేను వాడి మొహాన్ని గుండెకు ఆనించుకుని, కళ్లకు చేతులు అడ్డం పెడితే మాత్రం నిలబడేవాడు. ఎందుకో నాకూ తెలియదు. రోజూ ఉలవలు నానబెట్టి పెట్టేదాన్ని కదా, ఆ నమ్మకం కావచ్చు.

అందుకే సైరన్ టైములో బరాత్ ఉంటే కాక నన్ను వెంట తీసుకుపోయేవాడు. అయిదో తరగతి పిల్లకు అంతకన్నా పెద్ద హోదా ఏముంటుంది చెప్పండి!

ఒక రోజు నాకు పరీక్ష. కాక మధ్యాహ్నం సైరన్ లోపు బరాత్ అయిపోతుందనుకున్నాడు. పెళ్లికొడుకు బావలు నడిరోడ్డు మీద డాన్స్ ఆపితే కదా... సైరన్ మోగింది. నవాబు పెళ్లికొడుకుతో సహా పరుగు లంకించుకున్నాడు. బాజాలవాళ్లు బాజాలు వదిలేసి వెనక పరుగు! పాపం, ఆ పెళ్లికొడుకు చేతికి పిండికట్టుతోనే తాళి కట్టాడు.

ఆ తర్వాత ఒక్క పెళ్లికీ నవాబును పిలవలేదు. నాకు భయం పట్టుకుంది.

“కాకా... నవాబును అమ్ముతవా?”

కాక నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. “నీ మీదొట్టు బిడ్డా. నిన్నడగకుంట ఎవ్వలకియ్య.”

నెత్తి మీద ఒట్టు అంటే మాటలా? నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే కొట్టం ముందు లారీ ఆగింది. నలుగురు మగవాళ్లు తాడు పట్టి లాగుతున్నారు. నవాబు ముందుకాళ్లు ఎత్తి తిరగబడుతున్నాడు. కాక నన్ను పిలిచాడు.

“కాలు సూపియ్యాలె బిడ్డా. మంచిర్యాల పశువుల దవాఖానకు తీస్కవోతున్నం. నువ్వు వడితెనే ఎక్కుతడు.”

ఎంత మురిసిపోయానో! వాడి కళ్లకు చేతులు అడ్డం పెట్టి, లారీకి ఆనించిన చెక్క మీద నేను వెనక్కి ఒక్కో అడుగు వేస్తుంటే, నా వెంట ఒక్కో అడుగు వేస్తూ ఎక్కాడు. తాడు కూడా నేనే కట్టాను. చెవిలో చెప్పాను... “దవాఖానకేరా, ఫికర్ జెయ్యకు. సూదేస్తరు, జల్ది వస్తవు.”

కాక నన్ను ఎత్తి కిందికి దించాడు. లారీ వెళ్లిపోయింది. తాను మోటారు సైకిల్ మీద వెనక వెళ్తానన్నాడు.

రెండు నెలలు... అడిగినప్పుడల్లా “ట్రీట్‌మెంట్ నడుస్తున్నది” అనేవాడు. ఇవాళ వస్తాడేమోనని నేను రోజూ ఉలవలు నానబెట్టేదాన్ని. మా అమ్మ వాటితో చారు కాచేది. బాపు ఆ చారు పోసుకుని తిని డ్యూటీకి పోయేవాడు. ఇంట్లో అందరికీ తెలుసు... నాకు తప్ప.

చివరికి బాజాల తాత చెప్పాడు. “నవాబా? గాడు ఇటుక బట్టీల బండి గుంజుతుండు గద బిడ్డా! మీ కాక ఎప్పుడో అమ్మె.”

ఉరికి పోయి కాకను నిలదీశాను. సిగ్గుపడతాడనుకున్నాను. నవ్వాడండీ!

“ఏం జెయ్యాలె మరి? నలుగురు మొగోళ్లు గుంజితె ఎక్కలె. నువ్వు వట్టంగనె ఎక్కె. శాబాష్ బిడ్డా!”

ఒక్కసారి చూపించమని బాపు కాళ్లావేళ్లా పడ్డాను. “సూసి ఏం జేస్తవు, ఊకో” అన్నాడు. వాణ్ణి మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మా దగ్గర బరాత్‌లకు పూలు కట్టిన కార్లు, డీజేలు వచ్చాయి. కాక కూడా పోయాడు. ఏడ్చాను... కానీ క్షమించలేదు. ‘ఆ రోజుల్లో మనుషులు మాట మీద నిలబడేవారు’ అని ఎవరైనా పోస్టు పెడితే నాకు ఒళ్లు మండుతుంది.

మీ చేత కూడా ఇలాంటి పని ఎవరైనా చేయించారా? ఉంటే రాయండి, చదువుతాను. ‘చిన్నపిల్లవు, నీ తప్పేం లేదు’ అని మాత్రం రాయకండి... ఆ మాట నాకు అందరూ చెప్పారు. వాడికి ఎవరు చెప్పారు?