కరక్కాయ నీళ్లలో టమోటా మొక్క

కుప్పంలో మా మిద్దె మీద ఎండలో పెట్టిన గుడ్డను నీళ్లలో జాడిస్తే నీలం మెల్లగా పైకి తేలుతుంది. ఆ తడి నూలు వాసనకు పుంగనూరు హేమావతి టీచర్ గుర్తొస్తారు. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాక, మందు పూసిన గుడ్డమీద ఆకులు పరిచి ఎండలో అచ్చులు తీసేవారు. ఎండ తగిలినచోట నీలం, ఆకు కప్పినచోట తెలుపు. మబ్బు పడితే సూర్యుణ్ణే గదమాయించేవారు: "యాడికి పోతాండావు? పని ముగియలేదు!"

అమ్మ పోయిన కొత్తలో మదనపల్లెలోని మా ఇంటి నుంచి టీచర్ దగ్గరికి వెళ్లాను. అమ్మ బకెట్లో పెంచిన టమోటా మొక్క ఎండిపోతోంది. అమ్మ కప్పుకున్న తెల్ల దుప్పటి మీద దాన్ని అచ్చుగా నిలుపుకోవాలన్న ఆశతో ఆ రెండూ పట్టుకెళ్లాను.

"వాడిపోయిండాది టీచర్," అన్నాను.

"వాడిపోయినా నీడ పడతాది గదమ్మా."

దుప్పటికి మందు పూసి, మొక్కను పరిచి ఎండలో పెట్టాం. నీళ్లలోంచి తీసేసరికి నీలం మధ్య ఆ మొక్క కలలో కనబడినట్టు తెల్లగా నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఇంట్లో నాన్న ఆ దుప్పటి ఉతికేశాడు. ఏనాడూ తన తువ్వాలైనా ఉతుక్కోని మనిషి, మందు వాసనొస్తోందని, అమ్మ చేసినట్టే బట్టల సోడా వేసి నానబెట్టాడు. ఈ నీలానికి సోడా గిట్టదు. మొక్క పోయి పాలిపోయిన పసుపు మిగిలింది. నాన్న అన్నం ముట్టలేదు. నేను ఫోన్ చేస్తే టీచర్ ఆ మధ్యాహ్నమే కరక్కాయల సంచితో బస్సు దిగారు. కాయలు దంచి ఉడికించారు. నేను దుప్పటి అందుకోబోతే చెయ్యి తోసేశారు.

"నువ్వు కాదు. అప్పా, నువ్వు రా."

"నేనొద్దమ్మా. నేను ముట్టుకుంటే పాడయిపోతాది," అన్నాడు నాన్న.

"పాడయ్యేదానికి ఇంకేముండాది ఆడ? ముంచు."

నాన్న దుప్పటిని ముంచాడు. కరక్కాయ వగరుకు పసుపు మెల్లగా నల్లబడింది. నీలం తిరిగి రాలేదు. తడిసిన మట్టి రంగొచ్చింది, అందులోంచి ఒక్కో ఆకే బయటపడింది. "వచ్చె పాపా, మీయమ్మ చెట్టు వచ్చె," అంటూ మోచేతులు నీళ్లలో ఉండగానే నాన్న భోరుమన్నాడు. టీచర్ ఓదార్చలేదు. పక్కనే పీట వాల్చుకుని కూర్చున్నారు. ఆ పూట నాన్న అన్నం తిన్నాడు.

టీచర్ ఇప్పుడు లేరు. ఈ అచ్చుల పని ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లు గుడ్డ పాడుచేసి బిక్కమొహం వేస్తే, నా చెయ్యి ముందుకు పోబోయి ఆగుతుంది. బాగుచేయడం నాకు వచ్చు. అయినా ఆ పని వాళ్లకే వదిలేస్తాను. ఆ రోజు దుప్పటిని నేను ముంచి ఉంటే రంగు వచ్చేదే. నాన్నే నాకు దక్కేవాడు కాదు.