గిందుల నేనేడున్న?

2023 వర్షాకాలం. మెదక్ కలెక్టరేట్‌లో జిల్లా సలహా సంఘం సమావేశం ఉందనీ, చెవులు వినబడని ఒక స్త్రీ తన సంగతి చెప్పుకోవడానికి వస్తోందనీ, ఆమె మాట వినిపించడానికి నేను రావాలనీ కబురొచ్చింది. నేను వినికిడి లేని పిల్లల బడిలో టీచర్ని. ఇరవై ఏళ్లుగా సైగల భాషకు ఇంటర్‌ప్రెటర్ పని కూడా చేస్తున్నాను. మా తమ్ముడు పుట్టుకతోనే చెవిటివాడు కాబట్టి నాకు తెలుగుతో పాటే చేతుల భాష కూడా వచ్చింది. చర్చి దగ్గర మా నాన్న టైలర్ షాపులో కొలతలు తీసి సైగల్లో చెప్పే పని మా తమ్ముడిది, వాటిని పైకి చదివే పని నాది.

సమానత్వం, మానవ హక్కుల విషయంలో ప్రభుత్వం ఏం చేయాలో చెప్పడం ఆ సంఘం పని. ఆజ్ఞ వేసే అధికారం దానికి లేదు. వింటారు, మాట్లాడుకుంటారు, సలహా రాసి కలెక్టర్‌కు పంపుతారు. ఆయనకు నచ్చితే అది సర్క్యులర్ అయి ఆఫీసులకు వెళ్తుంది, నచ్చకపోతే బీరువాలో ఉంటుంది. అలాంటి మీటింగులు చాలా చూశాను. చాయ్, బిస్కెట్లు, మినిట్స్ మీద సంతకాలు. అందుకే ఆ రోజు పెద్దగా ఆశలు పెట్టుకుని వెళ్లలేదు.

వచ్చిన అమ్మాయి పేరు మంజుల. కౌడిపల్లి దగ్గరి పల్లె. పదో తరగతి దాకా చదివింది. భర్త రామాయంపేటలో మెకానిక్. అప్పటికి ఆమెకు ఏడో నెల, రెండో కాన్పు. పక్కన అత్త లచ్చవ్వ కొంగు నడుముకు చుట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది.

మా పనిలో ఒక నియమం ఉంది. ఎదుటి మనిషి సైగ చేస్తే "ఆమె ఇట్లా అంటోంది" అని చెప్పకూడదు. ఆమె నోరుగా మారి "నేను" అనాలి. మంజుల చేతులు కదిలాయి, నేను మా దిక్కు తెలుగులోనే చెప్పాను.

"మొదటి కాన్పుల నన్ను ఒక రూముల పండబెట్టిండ్రు. అందరి మూతులకు గుడ్డలున్నయి. ఎవరేమంటున్నరో పెదాలు చూసి తెల్సుకుందామంటే అవి గూడ కనబడలే. లేచి చూస్తే కడుపు కోసి ఉన్నది, పక్కన పిల్ల లేదు. పిల్ల బతికిందో సచ్చిందో పొద్దుమూకేదాకా నాకెవ్వరు చెప్పలే."

హాల్లో అందరూ నావైపే చూస్తున్నారు, నా పొట్టే కోసినట్టు. సంఘం అధ్యక్షుడు రిటైర్డ్ జడ్జి, మంచి మనిషి. ఎంతో జాలిగా నన్నే అడిగారు, ఇప్పుడు ఈమెకు ఏం కావాలట అని. నాకు ఒళ్లు మండింది. అయినా మర్యాదగానే, నన్ను కాదు సార్, ఆమెను చూసి అడగండి అన్నాను. ఆయన కుర్చీ పక్కకు తిప్పుకుని మంజులను చూసి అడిగారు.

ఆమె భయం ఇదీ. పాప నిజానికి ఆ రోజు బాగానే ఉంది, కాస్త బరువు తక్కువని వేరే గదిలో పెట్టారు. ఆ సంగతి దవాఖానవాళ్లు లచ్చవ్వకు చెప్పారు. సిజేరియన్‌కు వేలిముద్ర కూడా లచ్చవ్వదే తీసుకున్నారు. ఈసారీ సిజేరియనే, దాంతో పాటే పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా చేస్తారని ఇంట్లో అనుకుంటున్నారు. మళ్లీ తనను ఎవరూ అడగకుండానే తన ఒంటి మీద అన్నీ జరిగిపోతాయని మంజుల వణికిపోతోంది. ఏ దవాఖానో ఇక్కడ రాయను. ఆ పని ఏదో ఒక్కచోటే జరిగేది కాదు.

లచ్చవ్వను తప్పుపట్టడానికీ లేదు. డాక్టరు వేలు పెట్టమంటే పెట్టానని, కోడలికి వినబడదు కనుక తనకు చెబితే చాలనుకున్నానని మెల్లగా చెప్పుకుంది. సంతకం చేయడం వచ్చిన కోడలు లోపల ఉంటే, రాని అత్త బయట వేలిముద్ర వేసింది. అది వింతని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

అరగంట మాట్లాడుకుని సలహా రాశారు. జడ్జిగారు పైకి చదివారు. వినికిడి లేని స్త్రీల కుటుంబ సభ్యులకు ఆపరేషన్ వివరాలన్నీ సులభమైన తెలుగులో చెప్పి, ఆ తర్వాతే సమ్మతి తీసుకోవాలి. అందరూ తలలూపారు. ఒకరు శభాష్ అన్నారు కూడా. నేను ఆ వాక్యాన్ని మంజులకు సైగల్లో చెప్పాను. ఆమె మళ్లీ చెప్పమంది, చెప్పాను. అప్పుడు లేచి నిలబడింది.

"గిందుల నేనేడున్న?"

ఆ మాట వచ్చింది నా గొంతులోంచే, అడిగింది మాత్రం ఆమె. జడ్జిగారు కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకుని, పెన్ను తీసి "కుటుంబ సభ్యులకు" అన్న మాట కొట్టేశారు. దాని మీద "ఆ స్త్రీకే" అని రాశారు.

సంఘంలో ఒక డాక్టరున్నారు. ఆయన ఊరుకోలేదు. ప్రాణం మీదికి వస్తే సైగలు తెలిసినవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌లో వీడియో కాల్ చేస్తే నాలాంటివాళ్లం ఎక్కడున్నా పలుకుతామని చెప్పాను. అదీ కుదరనప్పుడు ఏం చేయాలో మంజులే చెప్పింది.

"ముందుగాల పానం కాపాడుండ్రి. నేను కండ్లు తెరవంగనే మాత్రం నాకే చెప్పుండ్రి. బిడ్డను తెచ్చి చూపెట్టుండ్రి."

డాక్టరుగారు ఆ మాటలన్నీ తన చేత్తోనే సలహాలో చేర్చారు. మాట్లాడేటప్పుడు మాస్కు తీసి, ఎదురుగా నిలబడాలని ఇంకోటి కలిపారు.

తర్వాత ఫైలు ఎక్కడో ఆగింది. ఎందుకు ఆగిందంటే ఎవరూ చెప్పలేరు, ఫైళ్లు ఆగుతాయంతే. మంజులకు కాన్పు దగ్గరపడుతుంటే నాకు అన్నం సహించేది కాదు. జడ్జిగారు రెండుసార్లు తానే వెళ్లి కలెక్టర్ దగ్గర కూర్చున్నారు. సలహా ఇచ్చి ఇంట్లో కూర్చోవడం తన పని కాదని నాతో అన్నారు. చివరికి సర్క్యులర్ వచ్చింది, తొమ్మిదో నెల నిండుతుండగా.

కాన్పు రోజు నేను ప్రభుత్వ దవాఖానలోనే ఉన్నాను. చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి, అలవాటుగా నావైపు తిరిగి మొదలుపెట్టబోయి ఆగింది. మాస్కు కిందికి లాగి మంజుల ఎదుట నిలబడింది. సిజేరియన్ గురించి చెప్పింది. పిల్లలు కాకుండా ఆపరేషన్ కావాలా వద్దా, ఇప్పుడే చెప్పనక్కర్లేదు, వద్దన్నా ఏమీ అనుకోము అని చెప్పింది. లచ్చవ్వ అప్పటికే బొటనవేలు ముందుకు చాపి నిలబడింది. నర్సు నవ్వి, నీది గాదు అవ్వా, ఆమె సంతకం గావాలె అంది.

మంజుల ఎన్నో అడిగింది. తర్వాత బరువులు ఎత్తవచ్చా, నొప్పి ఎన్నాళ్లుంటుంది, మనసు మారితే ఎట్లా. అన్నిటికీ జవాబు తెలుసుకుని, తలుపు దగ్గరున్న భర్తను ఒకసారి చూసి, తలూపింది. చేయమంది. తన పేరు పూర్తిగా రాసి సంతకం చేసింది.

లచ్చవ్వ నా భుజం తట్టింది. "గీ మాటకేనా టీచరమ్మా గింత తిరిగింది? నేను గూడ గదే చెప్దును గద."

విన్నదంతా చెప్పడం కూడా నా పనే కనుక అది మంజులకు చెప్పాను. ఆమె కోపం చేయలేదు.

"నువ్వు చెప్తే గది నీ మాట అత్తా. గిది నాది."

బాబు పుట్టాడు. మంజుల కళ్లు తెరిచేసరికి నర్సు వాణ్ని ఆమె మొహం దగ్గర పట్టుకుని ఉంది. మంజుల వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి, ఊపిరికి అది లేచి పడుతుంటే చూస్తూ ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇంటర్‌ప్రెటర్ ఏడవకూడదంటారు గానీ, ఆ నిమిషంలో నేను అనువదించాల్సింది ఏమీ లేదు.

మరిన్ని హక్కులు రాయించడమే సలహా సంఘాల పని అని నేను అనుకునేదాన్ని. ఎవరి కోసం రాస్తున్నామో ఆ మనిషి ఆ వాక్యంలో ఉందో లేదో చూడటం అంతకంటే ముందని మంజుల దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ మీటింగుకు పిలిచినా మొదట అడిగేది అదే.

మర్నాడు నేను మళ్లీ వెళ్లినప్పుడు వాళ్ల ఊరి నుంచి చుట్టం ఒకామె చూడటానికి వచ్చింది. వార్డులోకి వస్తూనే లచ్చవ్వ పక్కన కూలబడి, ఎట్లున్నది కోడలు, నొప్పులున్నయా, ఆపరేషన్ గూడ అయిందా అని వరసగా అడిగింది. లచ్చవ్వ నోరు తెరవబోయి, మంచం వైపు చెయ్యి చూపింది.

"నన్నెందుకు అడుగుతవ్? దాన్నే అడుగు."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.